చెయ్యి నేల మీద పెట్టి కూర్చోండి

(ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, వేసవి సెలవులు మొదలైన ఆదివారం సాయంత్రం, పిల్లలకూ పెద్దలకూ ఒక జీవశాస్త్రం టీచర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. పిల్లలంతా కుర్చీలు వదిలి కింద కూర్చున్నారు, చాలా సంతోషం. ఈ రోజు మనం మాట్లాడుకునే జంతువును పలకరించాలంటే నేల మీదే కూర్చోవాలి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. తొమ్మిదేళ్లుగా ఇంట్లో డ్వార్ఫ్ హ్యామ్‌స్టర్లను, అంటే అరచేతిలో పట్టేంత చిన్నగా ఉండే ఎలుక జాతి జంతువులను, పెంచుతున్నాను. నన్ను ఇక్కడికి పిలిచింది మీ అపార్ట్‌మెంట్‌లోనే ఉండే ఒక తల్లి. వాళ్లబ్బాయి పుట్టినరోజుకు ఒక హ్యామ్‌స్టర్ పిల్లను తెచ్చారు. తెచ్చిన సాయంత్రమే పిల్లలందరూ చుట్టూ చేరి, ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుంటూ ముద్దు చేశారు. నాలుగో పిల్లాడి వేలిని అది కొరికింది. వాడు ఉలిక్కిపడి చెయ్యి విదిలించాడు. అది ఎగిరి సోఫా మీద పడింది. సోఫా కాబట్టి బతికింది. తర్వాత రెండు రోజులు గూట్లోంచి బయటకే రాలేదు. "ఇది కరిచే రకంలా ఉందండీ, తిరిగి ఇచ్చేయమంటారా?" అని ఆవిడ నాకు ఫోన్ చేశారు. ఆవిడ చెప్పమన్నారు కాబట్టే ఈ సంగతి మీ ముందు చెబుతున్నాను.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ సాయంత్రం ఆ పిల్లల్లో ఒక్కరు కూడా చెడ్డవాళ్లు కారు. వాళ్లకది ఆట. కానీ ఆ చిన్న ప్రాణి వైపు నుంచి చూడండి. పెట్ షాప్ నుంచి డబ్బాలో ఊగుతూ వచ్చింది. అమ్మ వాసన లేదు, తోడబుట్టినవాళ్ల వాసన లేదు. అంతలో పైనుంచి ఒక పెద్ద చెయ్యి దిగి పట్టుకుంది. హ్యామ్‌స్టర్ల లోకంలో పైనుంచి దిగేది ఏమిటి? గద్ద. లేదంటే గుడ్లగూబ. దాని తాతలు, ముత్తాతలు వేల ఏళ్లుగా నేర్చుకున్న పాఠం ఒకటే, పైనుంచి ఏదైనా దిగితే ప్రాణం పోతుందని. ఆ సాయంత్రం దాన్ని పదిసార్లు గద్ద ఎత్తుకెళ్లింది. అది కొరకడం తప్పా?

అసలివి ఎక్కడి జంతువులో ముందు తెలుసుకుందాం. మన దగ్గర దొరికే డ్వార్ఫ్ హ్యామ్‌స్టర్లు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది క్యాంప్‌బెల్ డ్వార్ఫ్. చార్లెస్ విలియం క్యాంప్‌బెల్ అనే ఆయన 1902లో మంగోలియాలో దీన్ని సేకరించాడు. 1905లో ఓల్డ్‌ఫీల్డ్ థామస్ అనే జంతు శాస్త్రవేత్త దానికి ఆయన పేరే పెట్టాడు. రెండోది వింటర్ వైట్. కజకిస్తాన్, సైబీరియా గడ్డి మైదానాలు దీని ఊరు. చలికాలంలో పగటి వేళలు తగ్గేకొద్దీ దీని బొచ్చు తెల్లబడుతుంది, మంచులో కలిసిపోవడానికి. మన ఇళ్లలో రాత్రి పదకొండు దాకా లైట్లు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి చాలావాటికి ఆ మార్పు రాదు. మూడోది రోబోరోవ్‌స్కీ, అందరూ రోబో అంటారు. ఇది గోబీ వైపు ఇసుక ఎడారుల జంతువు. కళ్ల మీద తెల్లటి కనుబొమల్లాంటి మచ్చలుంటాయి. పెద్దయ్యాక కూడా ఇరవై, ఇరవై ఐదు గ్రాములే. మూడు పది రూపాయల నాణేలు అరచేతిలో పెట్టుకుని చూడండి, అంతే బరువు. మిగతా రెండు రకాలు ముప్పై నుంచి యాభై గ్రాముల దాకా పెరుగుతాయి. షాపుల్లో చాలాసార్లు మొదటి రెండు రకాలు కలిసిపోయిన సంకర జాతే అమ్ముతారు.

మూడూ చలి ఊళ్ల జంతువులే. మూడూ నేలలో బొరియలు తవ్వుకుని బతికేవే. ఈ రెండు సంగతులు గుర్తుంటే వాటికి ఏం కావాలో చాలావరకు మీకే తెలిసిపోతుంది.

ఇక మచ్చిక గురించి. ఈ సాయంత్రం నేను వచ్చింది దీని గురించి చెప్పడానికే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

హ్యామ్‌స్టర్‌కు చూపు చాలా తక్కువ. ఎదురుగా ఉన్నది ఎంత దూరంలో ఉందో, కింద ఎంత లోతుందో దానికి సరిగ్గా తెలియదు. టేబుల్ మీద వదిలితే అంచు దాకా వెళ్లి అలాగే అడుగు వేసేస్తుంది. నిలబడ్డ మనిషి చేతిలోంచి పడితే కాళ్లు విరగవచ్చు, వెన్ను విరగవచ్చు. నేల మీద కూర్చోమన్నది అందుకే. అది లోకాన్ని తెలుసుకునేది ముక్కుతో, చెవులతో. మనకు వినిపించని సన్నటి శబ్దాలు కూడా దానికి వినిపిస్తాయి. కాబట్టి దానికి మీరంటే మీ ముఖం కాదు. మీ వాసన, మీ గొంతు.

ఇంటికి తెచ్చిన మొదటి మూడు, నాలుగు రోజులు అసలు ముట్టుకోకండి. తిండి, నీళ్లు మార్చండి, మెల్లగా మాట్లాడుతూ మార్చండి. పిల్లలకు ఇది అన్నిటికంటే కష్టమైన పని, నాకు తెలుసు. మా ఇంట్లో పిల్లలకు ఒక పని అప్పజెబుతాను. రోజూ సాయంత్రం కేజ్ పక్కన కూర్చుని పాఠం పైకి చదవడం. పదిహేను నిమిషాలు చాలు. వాళ్ల చదువు సాగుతుంది, హ్యామ్‌స్టర్‌కు వాళ్ల గొంతు అలవాటవుతుంది. ఇంకొకటి, సువాసన లేని ఒక టిష్యూ పేపర్ రాత్రంతా మీ దిండు కింద పెట్టుకుని, పొద్దున ముక్కలు చేసి కేజ్‌లో వేయండి. అది వాటిని తీసుకెళ్లి గూడు కట్టుకుంటుంది. మీ వాసన మీదే నిద్రపోతుంది. మీ చెయ్యి లోపలికి వెళ్లేసరికి ఆ వాసన దానికి కొత్త కాదు.

ఆ మూడు, నాలుగు రోజులు గడిచాక చెయ్యి. ముందు చేతులు కడుక్కోండి, ఘాటు వాసన లేని సబ్బుతో. బిర్యానీ తిన్న వేళ్లను లోపల పెడితే అది వేలిని తిండి అనుకుంటుంది, అందులో దాని తప్పేం లేదు. శానిటైజర్ రాసుకుని కూడా పెట్టకండి. కడుక్కున్నాక, కేజ్‌లో ఒక మూల అరచెయ్యి పైకి ఉండేలా ఆనించి ఉంచండి. కదపకండి. అది వస్తుంది, వాసన చూస్తుంది, పారిపోతుంది. మళ్లీ వస్తుంది. పళ్లతో చిన్నగా తడిమి చూస్తుంది. అది కరవడం కాదు, పరిచయం చేసుకోవడం. ఆ క్షణంలో చెయ్యి లాక్కోకుండా ఉండగలిగితే సగం పని అయిపోయినట్టే. పిల్లలకు భయంగా ఉంటే మొదటి వారం అమ్మో నాన్నో చెయ్యి పెట్టండి.

తర్వాత అరచేతిలో రెండు గుమ్మడి గింజలు పెట్టండి. ఇక్కడ ఒక విషయం గమనించమంటాను. ఏ పుస్తకంలోనో చదివింది కాదు, నేను చాలా సాయంత్రాలు చూసి తెలుసుకున్నది. మొదట్లో అది గింజ తీసుకుని బుగ్గ సంచిలో దాచుకుని పరుగెత్తిపోతుంది. ఆ సంచులు భుజాల దాకా సాగుతాయి. అంటే తిండి కోసం సాహసం చేసింది, కానీ ఇంకా నమ్మలేదు. కొన్ని రోజులకు మీ చేతి అంచున కూర్చుని ఒక గింజ అక్కడే వలుచుకుని తింటుంది. అడవిలో ఏ చిన్న జంతువూ ప్రమాదం ఉన్నచోట కూర్చుని తినదు. అది మీ చేతిలో తిన్న రోజు క్యాలెండర్‌లో రాసుకోండి. ఇంకొన్నాళ్లకు మీ చేతి మీదే కూర్చుని ముఖం కడుక్కుంటుంది, ఒళ్లు విరుచుకుంటుంది, ఆవలిస్తుంది. అప్పుడిక మీరు దానికి చెట్టులాంటివాళ్లు, కొండలాంటివాళ్లు.

ఇదంతా అవడానికి కొన్నిటికి రెండు వారాలు పడుతుంది, కొన్నిటికి రెండు నెలలు. రోబోలైతే కొన్ని జీవితమంతా చేతిలో నిలవవు. అవి పాదరసం లాంటివి. వాటిని చూసి ఆనందించాలి. ఎత్తుకునే తీరాలని పిల్లలు ఆశపడితే రోబోను తీసుకోకండి.

బయటకు తీయడానికి ఒక పద్ధతి ఉంది. క్యాంప్‌బెల్ రకం, ముఖ్యంగా ఆడవి, కేజ్ లోపల కాస్త గట్టిగా ఉంటాయి. అది వాటి ఇల్లు మరి. అందుకని లోపల చేత్తో పట్టుకోకుండా ఒక మగ్గు గానీ అట్ట గొట్టం గానీ అడ్డంగా పెట్టండి. అది తనంతట తాను నడిచి లోపలికి వెళ్తుంది. రెండు వైపులా చేతులు అడ్డుపెట్టి తీసి, బట్టలు ఉతికే పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఉంటుంది కదా, పొడిగా తుడిచిన అలాంటి టబ్బులో వదలండి. అడుగున పాత తువ్వాలు, ఒక మూల దాక్కోవడానికి చిన్న అట్టపెట్టె. మీ చేతులు టబ్బులో పెట్టి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చోండి. పది నిమిషాలు, పదిహేను నిమిషాలు. అది మీ చేతుల మీదుగా ఎక్కుతుంది, దిగుతుంది. ఆపకండి. ఎక్కినప్పుడల్లా దిగే దారి ఉందని దానికి తెలిస్తేనే మళ్లీ ఎక్కుతుంది.

పగలు నిద్ర లేపి ఆడించకండి. సాయంత్రం తనంతట తాను లేచాకే. బిగుసుకుపోయి కదలకుండా నిలబడితే, చెవులు వెనక్కి అణిస్తే, పళ్లు టకటకలాడిస్తే, ఆ రోజుకు అక్కడితో ఆపేయండి. వెల్లకిలా పడి కీచుమని అరిచిందంటే ప్రాణభయంతో ఉన్నట్టు. నవ్వుతూ వీడియోలు తీసే సమయం కాదది.

ఒకవేళ కరిస్తే? విదిలించకండి. చెయ్యి అలాగే నేలకు దించండి, అదే వదిలేస్తుంది. ముక్కు మీద కొట్టడం, ముఖం మీద ఊదడం, మెడ తోలు పట్టుకుని ఎత్తడం, ఇవేవీ చేయకండి. అది పాఠం నేర్చుకోదు, మీ వాసనకు భయపడటం నేర్చుకుంటుంది. గాయాన్ని సబ్బుతో, కుళాయి నీళ్ల కింద బాగా కడిగి డాక్టర్‌కు చూపించండి. రేబిస్ గురించి చాలామంది టెన్షన్ పడతారు. ఇంట్లోనే ఉండే హ్యామ్‌స్టర్ నుంచి అది రావడం దాదాపు జరగని విషయం. అయినా టీటీ అవసరమా, ఇంకేమైనా కావాలా అన్నది డాక్టర్ చెప్పాలి. కరిచాక ఆయాసం వచ్చినా, ముఖం వాచినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కొందరికి వీటి లాలాజలం పడదు. ఇంట్లో గర్భిణులు ఉంటే కేజ్ శుభ్రం చేసే పని వాళ్లకు పెట్టకండి. ఎలుక జాతి జంతువుల నుంచి కడుపులో బిడ్డకు హాని చేసే ఒక వైరస్ అరుదుగా రావచ్చు.

ఇప్పుడు ఎండల సంగతి. ఇది చెప్పడం నాకు కష్టమే, కానీ చెప్పకుండా వెళ్లలేను.

నా మొదటి హ్యామ్‌స్టర్ పేరు చింతపిక్క. రంగు అచ్చం అదే. అయిదు నెలలు నాతో ఉంది. మే నెలలో ఒక రోజు, గాలి తగులుతుందని కేజ్‌ను బాల్కనీలో నీడలో పెట్టి స్కూల్లో మీటింగ్‌కు వెళ్లాను. నీడే కదా అనుకున్నాను. తిరిగొచ్చేసరికి చింతపిక్క పొట్ట నేలకు ఆనించి, కాళ్లు చాపుకుని, మూతి తడిగా పడుకుని ఉంది. గంటలో పోయింది. చలి ఊరి ప్రాణిని నలభై డిగ్రీల నీడలో పెట్టాను. హ్యామ్‌స్టర్‌కు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. ఒంట్లో వేడి బయటకు పోయే దారి చాలా తక్కువ. దానికి హాయిగా ఉండేది పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు డిగ్రీల మధ్య. ముప్పై దాటితే కష్టం మొదలవుతుంది.

విజయవాడలో, రామగుండంలో, రెంటచింతలలో మే నెల ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అందుకే ఎవరైనా హ్యామ్‌స్టర్ కొంటామంటే నేను మొదట అడిగేది కేజ్ గురించి కాదు. వేసవిలో పగలంతా చల్లగా ఉండే గది మీ ఇంట్లో ఉందా అని అడుగుతాను. లేకపోతే కొనవద్దంటాను. ఏసీ ఉంటే గాలి నేరుగా కేజ్ మీద పడకుండా చూడండి. కరెంటు పోయినప్పుడు పనికొచ్చేవి కొన్ని చెబుతాను. ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి కేజ్‌కు బయట వైపు ఆనించండి. లోపల ఒక టైల్స్ ముక్క పెట్టండి, దాని మీద పడుకుంటుంది. పాలిష్ లేని మట్టి కుండను పక్కకు వాల్చి ఇల్లుగా పెట్టండి, లోపల చల్లగా ఉంటుంది. వడదెబ్బ తగిలినట్టు అనిపిస్తే మంచు నీళ్లలో ముంచకండి, ఆ షాక్‌కే చనిపోతుంది. చల్లటి గదికి మార్చి, మామూలు నీళ్లతో తడిపిన గుడ్డ మీద ఉంచి, మూతి దగ్గర నీటి చుక్క పెట్టి, వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.

దీనికి పూర్తి వ్యతిరేకం కూడా ఉంది. డిసెంబర్‌లో బాగా చలిగా ఉన్న గదిలో, లేదంటే ఏసీ మరీ తగ్గించిన గదిలో, కొన్ని డ్వార్ఫ్‌లు ఒంటి వేడి తగ్గించుకుని కట్టెలా పడి నిద్రపోతాయి. ముట్టుకుంటే చల్లగా ఉంటుంది. చచ్చిపోయిందనుకుని పాతిపెట్టకండి. అరచేతుల మధ్య పెట్టుకుని నెమ్మదిగా వెచ్చబరచండి, మీసాలు కదులుతాయేమో చూడండి.

కేజ్ గురించి ఎక్కువ చెప్పను. షాపుల్లో రంగు రంగుల ఇనుప బుట్టలు అమ్ముతారు, అవి చాలవు. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉండేలా చూడండి. బట్టలు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ పెట్టె మూత కోసి, మెష్ బిగించి తయారు చేసుకోవచ్చు. లోపల కనీసం ఒక జానెడు లోతున కాగితపు బెడ్డింగ్ వేయండి, అది తవ్వుకోవాలి. గూడు కట్టుకోవడానికని దూదిలాంటి పీచు అమ్ముతారు, అది కొనకండి. పోగులు కాళ్లకు చుట్టుకుంటాయి, బుగ్గ సంచిలో ఇరుక్కుంటాయి. అది పరుగెత్తడానికి పెట్టే చక్రం, అదే వీల్, అడ్డంగా సుమారు ఇరవై సెంటీమీటర్లు ఉండాలి, పరుగెత్తే చోట కమ్మీలు కాకుండా నున్నటి పలక ఉండాలి. అది పరుగెత్తేటప్పుడు వీపు వంగిందంటే వీల్ చిన్నదైనట్టు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ బంతిలో వేసి ఇల్లంతా దొర్లించే ఆట మాత్రం వద్దు.

స్నానం చేయించకండి. నీళ్లలో తడిస్తే ఒంటి నూనె పోతుంది, చలి పట్టి చనిపోతుంది కూడా. దానికి కావలసింది ఇసుక స్నానం. వాగు ఇసుకను కడిగి, ఆరబెట్టి, జల్లించి, బాణలిలో వేయించి చల్లార్చండి. మట్టి మూకుడులో పోసి పెట్టండి. అందులో దొర్లుతుంటే చూడాలి! మెత్తటి పౌడర్ రకం వాడకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్ పొగ కూడా ఆ గదిలో వద్దు. తిండి గింజల వల్ల చీమలు వస్తాయి. చీమల చాక్‌పీస్ గీయకండి, అది విషం. కేజ్‌ను ఒక స్టూల్ మీద పెట్టి, కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. మన అమ్మమ్మలు పాల అలమరకు చేసిన పద్ధతే.

తిండి విషయంలో మనం అదృష్టవంతులం. గడ్డి గింజలు తిని బతికే జంతువు అది, మన ఊళ్లలో చిరుధాన్యాలకు కొదవ లేదు. కొర్రలు, సజ్జలు, జొన్నలు, కొంచెం ఓట్స్, కొన్ని అవిసె గింజలు కలిపి పెట్టుకోండి. హ్యామ్‌స్టర్ల పెల్లెట్లు కూడా కొన్ని కలపండి. కొర్ర కంకి దొరికితే కాడతో సహా కేజ్‌లో గుచ్చండి, నిలబడి గింజలు రాల్చుకుంటుంది. రోజుకు ఒక చెంచా చాలు. వారానికి ఒకటి రెండుసార్లు ఉడికించిన గుడ్డు తెల్లసొన, గోరంత. కీరా ముక్క, కొత్తిమీర రెబ్బ పెట్టవచ్చు. పొద్దుతిరుగుడు గింజలు రోజుకు ఒకటి రెండు మించకూడదు, కొవ్వు ఎక్కువ. ఉల్లి, వెల్లుల్లి, నిమ్మ జాతి పండ్లు, చాక్లెట్ అసలు వద్దు. తీపి కూడా వద్దు. బిస్కెట్, బెల్లం ముక్క, అరటిపండు ప్రేమతోనే పెడతారు. కానీ ఈ డ్వార్ఫ్‌లలో, ముఖ్యంగా క్యాంప్‌బెల్, సంకర రకాలకు షుగర్ వ్యాధి సులభంగా వస్తుంది. ఉన్నట్టుండి నీళ్లు ఎక్కువగా తాగుతూ, మూత్రంతో బెడ్డింగ్ తడిసిపోతుంటే అనుమానించండి. వంటింటి డిజిటల్ కాటా మీద చిన్న గిన్నె పెట్టి వారానికోసారి బరువు చూసి రాసుకోండి. ఇంత చిన్న జంతువుకు జబ్బు చేస్తే ముందు చెప్పేది ఆ కాటానే. విరేచనాలైతే ఒక్క రోజు కూడా ఆగకండి.

కొనేటప్పుడు ఏం చూడాలో అడిగారు. అయిదారు వారాలు నిండిన పిల్లను తీసుకోండి. కళ్లు మెరుస్తూ, తోక కింద పొడిగా ఉండాలి. ఒక్కదాన్నే తీసుకోండి. తోడు లేకపోతే పాపం అనిపిస్తుంది, కానీ కలిపి ఉంచిన డ్వార్ఫ్‌లు పెద్దయ్యాక రక్తం వచ్చేలా పోట్లాడుకోవడం నేను చూశాను. ఆడా మగా తేడా కూడా షాపులో చాలాసార్లు తప్పు చెబుతారు.

నాకు అలాగే జరిగింది. మగదని చెబితే ఒకదాన్ని తెచ్చుకున్నాను, రాగి అని పేరు పెట్టాను. పదహారో రోజు పొద్దున గూట్లోంచి సన్నగా చప్పుడు. చూస్తే వేరుశనగ గింజలంత గులాబీ రంగు పిల్లలు అయిదు. వీటి గర్భం పద్దెనిమిది నుంచి ఇరవై రెండు రోజులే. కొనేనాటికే అది కడుపుతో ఉంది. మీకు ఇలా జరిగితే మొదట చేయవలసింది, ఏమీ చేయకపోవడం. రెండు వారాలు గూడు కదపకండి, కేజ్ శుభ్రం చేయకండి, పిల్లల్ని ముట్టుకోకండి. బెదిరిన తల్లి పిల్లల్ని చంపేస్తుంది. తిండి, నీళ్లు, కాస్త ఎక్కువ గుడ్డు తెల్లసొన. గదిలో నిశ్శబ్దం. అంతే.

క్యాంప్‌బెల్ జాతిలో ఒక అద్భుతం ఉంది. కెనడాలోని క్వీన్స్ యూనివర్సిటీ పరిశోధకులు 2000లో ప్రచురించారు. ప్రసవ సమయంలో తండ్రి మంత్రసాని పని చేస్తాడట. పిల్లను బయటకు లాగుతాడు, ఒంటి మీది పొర తీసి, నాకి, ముక్కు శుభ్రం చేసి ఊపిరి ఆడేలా చేస్తాడు. చదివినప్పుడు నా ఒళ్లు పులకరించింది. అలాగని ఇంట్లో మగదాన్ని తల్లితోనే ఉంచకండి. ప్రసవమైన రోజే తల్లి మళ్లీ చూలు కట్టగలదు.

రాగి పిల్లలకు వారానికల్లా నూగు వచ్చింది. పది రోజులకు కళ్లు తెరవకుండానే గింజలు వెతుక్కుంటూ పాకాయి. రెండు వారాలు నిండేసరికి కళ్లు తెరుచుకున్నాయి. అప్పటి నుంచి రోజూ నా చెయ్యి గూటికి కాస్త దూరంలో నేలకు ఆనించి ఉంచాను. వాటికి ఇంకా గద్ద ఎలా ఉంటుందో తెలియదు. నా చెయ్యి కూడా గూట్లో ఒక భాగమే అనుకున్నాయి. అయిదింటిలో ఒక్కటి కూడా నన్ను కరవలేదు. చిన్నతనంలో అలవాటైన చేతికి ఎంత విలువ ఉందో నాకు అప్పుడే అర్థమైంది. మూడు వారాలు దాటగానే ఆడవాటినీ మగవాటినీ వేరు చేశాను. నెల, నెలన్నరకే అవి కూడా పిల్లల్ని కనగలవు. ఆలస్యం చేస్తే ఇల్లంతా హ్యామ్‌స్టర్లే.

అడగండి, అడగండి.

(ఒక పెద్దావిడ: మాకు ఇంట్లో ఎలుకలు పడితే బోను పెట్టేవాళ్లం, ఇప్పుడు డబ్బులిచ్చి కొంటున్నారు. రెండేళ్లు కూడా బతకదంటున్నారు. పోయాక పిల్లలు ఏడవరా?)

ఏడుస్తారమ్మా. ఏడాదిన్నర, రెండేళ్లు, రోబో అయితే మూడేళ్లు. అంతే దాని ఆయుష్షు. ఇది కొనేముందే పిల్లలకు చెప్పాలి. దాచి కొంటే ఆ రోజు ఇంకా ఎక్కువ ఏడుస్తారు. రాగి పోయినప్పుడు మా పాప గులాబీ మొక్క కింద పాతిపెట్టింది. వారం రోజులు కేజ్ దగ్గరే కూర్చుని పాఠం చదువుకుంది. నేను వద్దనలేదు.

(ఒక తండ్రి: ఆస్ట్రేలియాలో ఉన్న మా చెల్లెలి పిల్లలు సెలవులకు వచ్చి ఇక్కడ చూసి, తీసుకెళ్తామంటున్నారు.)

కుదరదండీ. ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో హ్యామ్‌స్టర్లను పెంచడం చట్టవిరుద్ధం. తప్పించుకుపోతే అక్కడి పొలాలకూ జంతువులకూ ముప్పని వాళ్ల భయం. మనం కూడా పెంచలేక బయట వదిలేయడం లాంటివి చేయకూడదు. పిల్లులకు, కాకులకు వదిలేసినట్టే. పెంచలేకపోతే పెంచగలిగేవాళ్లను వెతికి ఇవ్వాలి.

(ఒక బాబు: టీచర్, నన్ను కరిచింది కదా. ఇప్పుడు అది నాతో ఫ్రెండ్ అవుతుందా?)

నువ్వేనా ఆ బాబువి? ఇలా రా నాన్నా. వేలు తగ్గిందా? మంచిది. అవుతుంది. దానికి నీ మీద కోపం లేదు, భయం ఉంది, అంతే. ఈ రాత్రి టిష్యూ నీ దిండు కింద పెట్టుకో. రేపు పొద్దున, హ్యామ్‌స్టర్ ఉన్న ఆ అన్నయ్య వాళ్ల అమ్మ చేత కేజ్‌లో వేయించు. నాలుగు రోజులు ఆగి, సాయంత్రం ఏడింటికి, అది లేచాక, ఆ అన్నయ్యతో కలిసి టబ్బు పక్కన కూర్చో. చెయ్యి ఇదిగో, ఇలా, వెల్లకిలా, నేలకు ఆనించి. వేళ్లు వదులుగా పెట్టు. ఇంకాస్త వదులుగా. ఆఁ, అలాగే ఉంచు.